బియ్యం తూకంలో ఎన్ని పాఠాలు

ప్రాథమిక పాఠశాలలో ఒకటి నుంచి మూడు వరకు తరగతులు చూసుకునే ఉపాధ్యాయులకు టైంటేబుల్ గోడ మీద ఉంటుంది గానీ పిల్లల మనసులో ఉండదు. మొదటి పీరియడు తెలుగు, ఆ తరువాత గణితం, భోజనం అయ్యాక ఇంగ్లీషు, చివర్లో ఆటలు అని మనం గీతలు గీసుకుంటాం. ఆరేడేళ్ల బిడ్డ మాత్రం ఒక వస్తువును చూసినప్పుడు దాని పేరు, రంగు, లెక్క, బరువు, దాని గురించి ఇంట్లో విన్న కథ అన్నీ ఒక్కసారే చూస్తుంది. నేను పనిచేస్తున్నది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సముద్రానికి దగ్గరగా కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఉన్న ఒక చిన్న ప్రభుత్వ పాఠశాలలో. మా పిల్లలు ఏ సబ్జెక్టులో ఏమి నేర్చుకుంటున్నారని తల్లిదండ్రులు తరచుగా అడుగుతుంటారు. దానికి సబ్జెక్టుల వారీగా జవాబు చెప్పడం కష్టం. ఒక సబ్జెక్టులో కనిపించే వెనుకబాటుకు కారణం చాలాసార్లు మరో సబ్జెక్టులో ఉంటుంది. ఒకచోట కలిగిన అవగాహన ఎవరూ అనుకోని ఇంకోచోట పనికివస్తుంది. ఆ సంబంధాలేమిటో కాస్త వివరంగా రాయాలని ఇది మొదలుపెట్టాను.

ముందుగా మధ్యాహ్న భోజనం గురించి చెప్పాలి. ఉదయం హాజరు వేశాక, ఆ రోజు ఎంతమంది తింటారో వంట చేసే అక్కకు చెప్పి బియ్యం తూచి ఇవ్వాలి. ప్రాథమిక పాఠశాలలో ఒక్కో బిడ్డకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అన్నది ప్రభుత్వం నిర్ణయించిన లెక్క. ఆ పూట భోజనంలో బిడ్డకు 450 కేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది దాని ఉద్దేశం. ఈ లెక్కలో చిన్నపిల్లలకు అద్భుతంగా ఉపయోగపడే గుణం ఒకటుంది: పది మందికి సరిగ్గా ఒక కిలో బియ్యం పడుతుంది. ముప్పై నలుగురు హాజరైన రోజున పిల్లలను పదేసి మంది చొప్పున వరుసల్లో నిలబెడితే మూడు వరుసలు నిండుతాయి, నలుగురు విడిగా మిగులుతారు. మూడు వరుసలకు మూడు కిలోలు, మిగిలిన నలుగురికి నాలుగు వందల గ్రాములు. రెండో తరగతి పిల్లలకు గ్రాముల లెక్క ఇంకా రాదు, రావలసిన అవసరమూ లేదు. వంద గ్రాముల బియ్యాన్ని ఒక చిన్న పొట్లంగా కట్టి చూపిస్తే, పది పొట్లాలు ఒక కిలో సంచితో సమానమన్న సంగతి తక్కెడలో వాళ్లే చూస్తారు.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, ఈ వయసు పిల్లలు చాలామంది ముప్పై నాలుగును 304 అని రాస్తారు. అది అజాగ్రత్త వల్ల జరిగే పొరపాటు కాదు. చెవికి ముందు ‘ముప్పై’ వినిపించింది, ముప్పై అంటే 30 అని వాళ్లకు తెలుసు. తరువాత ‘నాలుగు’ వినిపించింది, దాన్ని దాని పక్కన పెట్టారు. విన్నది విన్నట్టు రాయడం తెలుగు పీరియడులో మనమే నేర్పిన పద్ధతి, దాన్నే వాళ్లు నిజాయితీగా గణితంలో వాడారు. నూట ఐదును 1005 అని రాయడం కూడా ఇలాంటిదే. ఎర్ర సిరాతో కొట్టివేసి పక్కన 34 అని రాసినంత మాత్రాన ఈ ఆలోచన మారదు. మూడు అనే అంకె అక్కడ మూడు సంచులను, అంటే మూడు వరుసల పిల్లలను సూచిస్తోందని, నాలుగు అనే అంకె నాలుగు పొట్లాలను సూచిస్తోందని తక్కెడ దగ్గర నిలబడి చూసిన బిడ్డ మాత్రం, కొన్నాళ్లకు ఎవరూ చెప్పకుండానే 304 రాయడం మానేస్తుంది. పండగ మర్నాడు పంతొమ్మిది మందే వచ్చినప్పుడు ఒకటే సంచి ఎందుకిచ్చారని వంట దగ్గరికి వెళ్లి అడిగే పిల్లలు తయారవుతారు. స్థాన విలువ అన్న మాట వాళ్లకు తెలియదు గానీ, విషయం తెలుసు.

అదే బియ్యం ఉడికిన తరువాత తూచి చూస్తే బరువు రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది. మూడు కిలోలు ఇచ్చాం కదా, ఇంత ఎక్కువ ఎలా అయిందన్న ప్రశ్నకు పిల్లలు చెప్పే జవాబులు వినాలి. పొయ్యి వేడికి ఉబ్బిందని కొందరు, వంట చేసే అక్క ఇంకాస్త కలిపిందని కొందరు, గిన్నె బరువని కొందరు అంటారు. ఒకరి తరువాత ఒకరు ఒక్కో కారణాన్ని పరీక్షించి పక్కన పెట్టి, చివరికి పోసిన నీళ్ల దగ్గరికి చేరతారు. గిన్నె బరువును విడిగా తూచి తీసివేయాలన్న ఆలోచన కూడా వాళ్ల నుంచే వస్తుంది. ఆ తీసివేతను ఎవరూ బోర్డు మీద రాయకపోయినా అది తీసివేతే. ఈ చర్చలో విజ్ఞానశాస్త్రం ఎంత ఉందో, గణితం ఎంత ఉందో, తెలుగు ఎంత ఉందో వేరుచేసి చెప్పడం నా వల్ల కాదు. ‘ఎందుకంటే’, ‘అలా అయితే’, ‘కానీ’ అన్న మాటలు వాక్యంలో సరైన చోట వాడడం ఆరేళ్ల బిడ్డకు పెద్ద భాషా విజయం. కారణం చెప్పవలసిన అవసరం నిజంగా ఉన్నప్పుడే ఆ మాటలు నోట్లోకి వస్తాయి.

కొలతల గురించి ఇంకొంత చెప్పాలని ఉంది, ఎందుకంటే ఈ విషయంలో మా ఊళ్లలో అమ్మమ్మల దగ్గర ఉన్న సంపద పాఠ్యపుస్తకాల దగ్గర లేదు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఇంట్లో అటకమీద పడివున్న ఈ పాత్రలను తెప్పించి, ఇసుకతోనో నీళ్లతోనో నింపించి చూపిస్తే, ఒక మానికకు పదహారు గిద్దెలని మూడో తరగతి పిల్లలు గుణకారం పేరెత్తకుండానే కనిపెడతారు. సగం, సగంలో సగం అన్న భిన్నాల భావన చేతికి తగులుతుంది. తవ్వెడు బియ్యం, తవ్వెడు మరమరాలు పక్కపక్కన తూచి చూపించినప్పుడు ‘ఎంత’ అన్న ప్రశ్నకు రెండు రకాల జవాబులుంటాయని, పాత్రలో పట్టేది ఒకటి, తక్కెడలో తూగేది ఇంకొకటి అని తెలుస్తుంది. వెడల్పాటి గిన్నెలోని నీళ్లను పొడవాటి గ్లాసులో పోస్తే నీళ్లు ఎక్కువయ్యాయని చిన్నపిల్లలు గట్టిగా నమ్ముతారు. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే ఈ నమ్మకాన్ని లోతుగా పరిశీలించి, సాధారణంగా ఏడేళ్ల ప్రాంతంలో అది సడలుతుందని చెప్పాడు. ఒకటో తరగతి వాళ్లు ఎక్కువైందంటుంటే మూడో తరగతి వాళ్లు ఆశ్చర్యంగా చూడడం, అన్ని తరగతులూ ఒకే గదిలో కూర్చునే మా బడిలో రోజూ కనిపించే దృశ్యం. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు ఒప్పించేలా వివరించలేక మళ్లీ మళ్లీ పోసి చూపిస్తారు. ఆ ప్రయత్నంలో ఇద్దరూ నేర్చుకుంటారు.

ఇప్పుడు చదవడం గురించి. తెలుగులో అక్షరాలు వర్ణమాల ప్రకారం యాభై ఆరే అయినా, బిడ్డ కంటికి కనిపించే రూపాలు అంతకు ఎన్నో రెట్లు. ప్రతి హల్లుకూ గుణింతం ఉంది, గుణింతం మీద ఒత్తులున్నాయి, ‘స్త్రీ’ లాంటి చోట ఒకే అక్షరం చుట్టూ మూడు నాలుగు గుర్తులు చేరతాయి. మన లిపికి చాలా దగ్గరైన కన్నడ లిపి నేర్చుకుంటున్న పిల్లల మీద సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు 2007లో ప్రచురించిన అధ్యయనం, ఇలాంటి లిపులలో అక్షర జ్ఞానం పూర్తిగా స్థిరపడడానికి వర్ణమాల చిన్నదైన భాషలకంటే ఎక్కువ కాలం పడుతుందని, ఆ నేర్చుకోవడం నాలుగు, అయిదు తరగతుల దాకా సాగుతుందని చూపింది. తరగతి గదిలో రోజూ చూస్తున్నదానికి ఇది చక్కగా సరిపోతుంది. రెండో తరగతి చివరికి పిల్లలు అన్నీ గడగడా చదివేయాలని మనం ఆశించడంలోనే తొందరపాటు ఉంది.

ఈ సంగతి గణితంలో ఎలా బయటపడుతుందో చూడండి. ‘తోటలో మొదటి చెట్టుకు 12 కాయలు ఉన్నాయి. అవి రెండో చెట్టు కాయలకంటే 5 ఎక్కువ. రెండో చెట్టుకు ఎన్ని కాయలు?’ అన్న లెక్క ఇస్తే సగానికి పైగా పిల్లలు 17 అంటారు. ‘ఎక్కువ’ అన్న మాట కంటపడగానే కూడికేస్తారు. వాళ్లకు తీసివేత రాదని తీర్మానించి మరో పేజీ నిండా తీసివేతలు రాయిస్తే ఆ పేజీ అంతా సరిగానే చేస్తారు, మళ్లీ ఇలాంటి లెక్క వస్తే మళ్లీ 17 అంటారు. లోపం ‘అవి’ అన్న సర్వనామం దేనిని సూచిస్తోందో పట్టుకోవడంలో ఉంది. దాన్ని సరిదిద్దవలసింది తెలుగు పీరియడులో, కథలు చదివేటప్పుడు ‘ఇక్కడ వాడు అంటే ఎవడు?’ అని ఆపి అడగడం ద్వారా. కొందరు పిల్లలు ఇదే లెక్కను చదివి చేయలేరు గానీ, నేను నెమ్మదిగా చదివి వినిపిస్తే చేస్తారు. అక్షరాలు కూడబలుక్కోవడంలోనే వాళ్ల శక్తి అంతా ఖర్చయి, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతారు. గణితంలో వెనుకబడ్డారని వాళ్లను ఒక పక్కన కూర్చోబెట్టడం ఎంత అన్యాయమో ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

మాట్లాడడానికి చోటు లేని తరగతిలో ఈ తేడా ఉపాధ్యాయునికి ఎప్పటికీ కనిపించదు. నిశ్శబ్దంగా ఉన్న గదిని మంచి క్రమశిక్షణగా భావించే అలవాటు మనకు పాతది. చిన్న తరగతుల్లో మాటలే అన్ని సబ్జెక్టులకూ పునాది అని, రోజులో కొంత సేపు పిల్లలు పెద్దలకంటే ఎక్కువ మాట్లాడాలని నేను గట్టిగా నమ్ముతాను. పొడుపు కథలు ఇందుకు ఎంత సాయపడతాయో చెప్పలేను. ‘చెయ్యని కుండ, పొయ్యని నీళ్లు’ అంటే కొబ్బరికాయ అని ఉద్దానంలో పుట్టిన బిడ్డకు చెప్పనక్కరలేదు. ఆ తరువాత పనసకాయ మీద, జీడిమామిడి మీద కొత్త పొడుపు కథలు కట్టమంటే మాత్రం, ఆ కాయను మళ్లీ ఒకసారి శ్రద్ధగా చూడాలి; దానికి ఉన్న గుణాల్లో మిగతావాటికి లేనిదేదో ఏరుకోవాలి; పేరు బయటపెట్టకుండా చెప్పాలి. వర్గీకరణ అని విజ్ఞానశాస్త్రంలో అనేది ఇదే. జీడిపండుకు గింజ లోపల లేకుండా బయట వేలాడుతుందని, అలాంటి పండు తమకు తెలిసినంతలో ఇంకేదీ లేదని పిల్లలే చెప్పారు. జీడి పిక్క పచ్చిగా కొడితే ఆ రసానికి చేతులు పొక్కుతాయని పలాస చుట్టుపక్కల జీడి పరిశ్రమల్లో పనిచేసే తల్లుల పిల్లలకు తెలిసినంత బాగా పుస్తకం రాసినవారికి కూడా తెలియకపోవచ్చు.

అక్కడే ఇంకో చక్కని గణిత పాఠం ఉంది, అయితే అది నాలుగో తరగతి వయసుకు పనికివచ్చేది. జీడిపప్పు రకాలను డబ్ల్యూ 210, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని పిలుస్తారు. ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని నిండు పప్పులు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. కాబట్టి అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది. భిన్నాలు మొదలుపెట్టగానే పిల్లలందరూ ఒకచోట తడబడతారు: నాలుగు రెండుకంటే పెద్దది కనుక నాలుగో వంతు సగంకంటే పెద్దదని అనుకుంటారు. జీడి పనికి వెళ్లే అమ్మను అడిగి 320 పప్పు ఎందుకు చిన్నదో తెలుసుకుని వచ్చిన బిడ్డకు, ఎక్కువమందికి పంచితే ఒక్కొక్కరి వంతు తగ్గుతుందని వేరే చెప్పనక్కరలేదు. తల్లికి తెలిసిన విద్య బడిలో పనికివచ్చిందన్న గౌరవం కూడా ఆ ఇంటికి దక్కుతుంది. దాన్ని నేను తక్కువ విషయంగా చూడను.

నీడలను కొలవడం మా బడిలో ఏడాది పొడవునా సాగే పని. ఎండ ఉన్న రోజున ఒక బిడ్డను మైదానంలో నిలబెట్టి, సుద్దముక్కతో నీడ చివర గుర్తు పెట్టి, మళ్లీ భోజనం ముందు, బడి విడిచే ముందు గుర్తులు పెడతారు. మొదట జానలతో, అడుగులతో కొలుస్తారు. ఒకే నీడ ఒకరికి ఆరు జానలు, ఇంకొకరికి ఏడు జానలు వచ్చినప్పుడు పెద్ద గొడవ జరుగుతుంది. అందరికీ ఒకే స్కేలు ఎందుకు కావాలో ఆ గొడవ నేర్పుతుంది. ప్రామాణిక కొలత అవసరం గురించి నేను ఉపన్యాసం ఇచ్చి ఉంటే అందులో పదో వంతు కూడా వాళ్లకు చేరేది కాదు. ఉద్దానం ఉన్న అక్షాంశం వల్ల జూలై చివరి వారంలో మధ్యాహ్నం పన్నెండు గంటల ప్రాంతంలో సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు, నీడ కాళ్ల కిందే ముడుచుకుంటుంది. మబ్బు లేకపోవడం ఆ నెలలో అదృష్టం మీద ఆధారపడిన విషయం గానీ, కాస్త ఎండ కాస్తే చాలు. డిసెంబరు చివర్లో అదే మధ్యాహ్నం నీడ బిడ్డ ఎత్తులో పదింట తొమ్మిది వంతుల పొడవుంటుంది. రెండు గుర్తుల కాగితాలనూ గోడ మీద పక్కపక్కన అతికించినప్పుడు పిల్లలు వేసే ప్రశ్నలకు జవాబు మూడో తరగతిలో పూర్తిగా ఇవ్వలేం, ఇవ్వాలని తొందరపడకూడదు కూడా. సూర్యుడు రోజూ ఒకే దారిలో నడవడని వాళ్ల కళ్లతో వాళ్లే చూశారు. ఆ ప్రశ్న ఆరో తరగతి దాకా వాళ్లతో నడిచి వెళ్తే చాలు.

చరిత్ర చిన్న తరగతుల్లో సబ్జెక్టుగా ఉండదు. మా ఊళ్లో మాత్రం కాలాన్ని కొలిచే ఒక గుర్తు అందరికీ తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు లెక్కలేనన్ని నేలకూలాయి. ఇప్పుడు రెండో తరగతిలో ఉన్నవాళ్లలో ఎవరూ దాన్ని చూడలేదు. అయినా ఇంట్లో ‘తిత్లీకి ముందు’, ‘తిత్లీ అయ్యాక’ అన్న మాటలు రోజూ వింటారు. తాతను, నాయనమ్మను అడిగి ఆ రాత్రి ఏం జరిగిందో తెలుసుకుని రమ్మంటే, మర్నాడు బడిలో వినిపించే కథనాలు ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు. గాలి ఎప్పుడు మొదలైంది, కరెంటు ఎన్నాళ్లకు వచ్చింది అన్నవి ఇంటింటికీ మారతాయి. ఎవరు చెప్పింది నిజమని పిల్లలు వాదించుకుంటున్నప్పుడు, అందరూ నిజమే చెప్పి ఉండవచ్చని, ఎవరు ఎక్కడ నిలబడి చూశారో కూడా అడగాలని వాళ్లకు తోచేలా చేయడం నా పని. తుపాను తరువాత నాటిన కొబ్బరి మొక్క వయసెంత, దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది కదా, మీ పెరట్లోది కాసిందా అని అడిగితే లెక్క, మొక్కల పాఠం, ఇంటి కథ ఒకేచోట కలుస్తాయి. తాత చెప్పింది రాసుకుని రావడానికి అక్షరాలు చాలనివాళ్లు బొమ్మ గీసి తెస్తారు. పడిపోయిన చెట్టు, ఎగిరిపోయిన రేకు, ఏడుస్తున్న ఆవు ఉన్న ఆ బొమ్మను నేను రాతగానే లెక్కిస్తాను. దాని కింద బిడ్డ చెప్పిన వాక్యాన్ని నేను రాసి చదివి వినిపిస్తే, తన మాట కాగితం మీదికి ఎలా వచ్చిందో ఆ బిడ్డ చూస్తుంది.

ఇంటి భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇచ్ఛాపురం వైపు చాలా ఇళ్లలో ఒడియా మాట్లాడతారు. కొండల వైపు వెళ్తే సవర భాష ఉంది. తెలుగే మాట్లాడే మా పిల్లలు కూడా ఇంట్లో తినేది చోడి అంబలి, పుస్తకంలో చదివేది రాగులు. ఈ రెండూ ఒకటేనని ఎవరో ఒకరు చెప్పేదాకా, చోడిలో బలం ఉందన్న పాఠం ఏదో తెలియని ధాన్యం గురించిన పాఠంగానే ఉండిపోతుంది. మా జిల్లాలో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని వాచకాలు తయారుచేశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయనను అందరూ తలచుకుంటారు గానీ, ప్రాథమిక ఉపాధ్యాయులుగా మేము ఎక్కువగా తలచుకోవలసింది ఆ సవర వాచకాల రామమూర్తినే అని నాకు అనిపిస్తుంది. ఇప్పుడు మన రాష్ట్రంలో పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉంటున్నాయి. విషయాన్ని ముందు ఇంటి మాటల్లో అర్థం చేసుకుని, ఆ తరువాత రెండో పేజీకి వెళ్లిన పిల్లలు ఇంగ్లీషు మాటలను కూడా త్వరగా పట్టుకుంటారు. నేరుగా ఇంగ్లీషు పేజీతో మొదలుపెట్టినప్పుడు ‘షాడో’ అన్న మాట కంఠతా వస్తుంది, నీడ ఎందుకు పొడవైందన్న ప్రశ్న మాత్రం రాదు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చేయాలి. సబ్జెక్టులను కలిపి చెప్పడం అన్న పేరుతో జరిగే పనులన్నీ మంచివి కావు. ఒక వారమంతా మామిడి అని నిర్ణయించి, మామిడి పాట, మామిడి బొమ్మకు రంగు, మామిడి బొమ్మలు లెక్కపెట్టి కూడికలు చేయించడం చూస్తుంటాం. అక్కడ మామిడికాయ బదులు బంతి బొమ్మ పెట్టినా ఆ లెక్కకు ఏ తేడా రాదు, అంటే లెక్కకూ మామిడికీ సంబంధం ఏమీ లేదన్నమాట. తెలుసుకోవాలన్న ప్రశ్న ఒకటి ముందు పుట్టి, దానికి జవాబు కోసం లెక్కపెట్టవలసి రావడం, రాయవలసి రావడం, అడగవలసి రావడం జరిగితేనే ఆ కలయికకు అర్థం ఉంటుంది. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన, చేతిపని ద్వారా చదువు నేర్పే నయీ తాలీమ్‌కు జాకిర్ హుస్సేన్ కమిటీ పాఠ్యక్రమం తయారుచేసినప్పుడు, చేతిపని చుట్టూ, పరిసరాల చుట్టూ మిగతా సబ్జెక్టులను అల్లాలని చెప్పింది. తకిలీ మీద నూలు వడికే బిడ్డ పోగులు లెక్కపెడుతుంది, పత్తి ఏ నేలలో పండుతుందో అడుగుతుంది. అది గొప్ప ఆలోచన. కానీ ప్రతి విషయాన్నీ తకిలీకి ముడిపెట్టాలని బలవంతం చేసిన చోట ఆ ముడి కృత్రిమంగా తయారవుతుంది.

కొన్నిటిని విడిగానే, రోజూ, క్రమం తప్పకుండా నేర్పాలి. గుణింతాలు, ఒత్తులు నీడలు కొలిస్తే రావు. ఇరవై లోపు కూడికలు వేళ్లు ముడవకుండా చెప్పగలగడం, ఎక్కాలు నోటికి రావడం సాధన వల్లే జరుగుతాయి. ఆ సాధన లేని పిల్లలకు బియ్యం తూకం దగ్గర ఆలోచించడానికి తీరిక దొరకదు, ఎందుకంటే ప్రతి కూడిక దగ్గరా ఆగిపోతారు. మా బడిలో ఉదయం మొదటి గంట చదవడానికి, రాయడానికి, నోటిలెక్కలకు మాత్రమే కేటాయించాం. కలిపి నేర్పడం మీద ప్రేమతో ఈ గంటను తగ్గించుకున్న బడుల్లో పేదపిల్లలే ఎక్కువ నష్టపోతారు. వాళ్లకు ఇంట్లో ఆ సాధన చేయించేవారు ఉండరు.

చట్టాలు, విధానాలు ఈ విషయంలో చెప్పవలసినదంతా చెప్పేశాయి. ఒకటి, రెండు తరగతుల్లో పరిసరాల విజ్ఞానానికి వేరే పుస్తకం ఉండకూడదని, దాన్ని భాషలో, గణితంలో కలిపే నేర్పాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూసింది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని, ప్రాథమిక లెక్కలు చేయాలని 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం లక్ష్యంగా పెట్టుకుంది. ఆచరణలో మాకు ఎదురయ్యే ప్రశ్న వేరు. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న బడికి ఇద్దరు ఉపాధ్యాయులు. అయిదు తరగతులు, ఇద్దరు మనుషులు. దీన్ని సమర్థంగా ఎదుర్కొన్న పద్ధతి మన మదనపల్లె దగ్గరే పుట్టింది. రిషి వ్యాలీ అనే విద్యాసంస్థ వారు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడదీసి, ఒక నిచ్చెనలా వరుసలో పేర్చి, ప్రతి బిడ్డా తన మెట్టు నుంచి తన వేగంతో ఎక్కేలా చేశారు. కర్ణాటకలో 1995లో మొదలైన నలి కలి అనే బోధన పద్ధతి, తమిళనాడులో 2003లో చెన్నై నగరపాలక బడుల్లో మొదలైన కృత్యాధార బోధన రెండూ అక్కడి నుంచి ప్రేరణ పొందినవే. అన్ని తరగతులూ ఒక గదిలో ఉండడం లోటుగానే చూసే మనకు, అందులోని సౌకర్యాన్ని చూపించింది ఆ పద్ధతి. ఒకే ఉపాధ్యాయుడు అన్ని సబ్జెక్టులూ చెప్పడం వల్ల, తెలుగులో కనిపించిన ఇబ్బంది గణితంలో ఎక్కడ తేలుతుందో ఆ ఒక్కరికీ తెలుస్తుంది. సబ్జెక్టుకొక టీచర్ ఉన్న ఎల్‌కేజీ గొప్పదని నమ్మి ఫీజులు కట్టే తల్లిదండ్రులు ఈ సంగతి ఆలోచించాలని నా కోరిక.

ప్రగతి పత్రంలో మాత్రం ఇప్పటికీ సబ్జెక్టుకొక గడి, గడికొక గ్రేడు. ఆ గ్రేడులు నింపక తప్పదు, నింపుతాను. దాని పక్కన ఖాళీ ఉన్నంత మేర ఒకటి రెండు వాక్యాలు రాస్తాను. గణితంలో సి వచ్చిన ఒక బిడ్డకు ‘లెక్క వినిపిస్తే చేస్తాడు, చదివి చేయలేడు, ఒత్తులున్న మాటలు రోజూ ఒక పది చదివించండి’ అని రాశాను. తెలుగులో ఏ వచ్చిన ఇంకొకరికి ‘చక్కగా చదువుతుంది, చదివినదాని గురించి అడిగితే సొంత మాటల్లో చెప్పడం లేదు, బజారుకు వెళ్లినప్పుడు ధరలు అడగనివ్వండి, చిల్లర లెక్కపెట్టనివ్వండి’ అని రాశాను. తల్లిదండ్రుల సమావేశంలో గ్రేడుల కంటే ముందు ఆ వాక్యాలే చదివి వినిపిస్తాను, చదువురాని తల్లులు ఎక్కువమంది వస్తారు కాబట్టి వాటి అర్థం కూడా అక్కడే మాట్లాడుకుంటాం.